ఏ గోపన్న? ఏ రామదాసు?

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఎవర్నడిగినా రామదాసు అంటే ఒక్కరే: నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న. కానీ లైబ్రరీలో ఆ పేరు వెతికితే చాలామంది ఎదురవుతారు. వాళ్లని కలిపేస్తే ఒకరి రచన ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అందుకే ముందు విడదీసుకుందాం.

మొదట గోపన్నలు. శ్రీరంగం శాసనంలో ఒక గోపన్న కనిపిస్తారు. ఆయన విజయనగర రాజకుమారుడు కంపన దగ్గర సేనాని, సెంజి పాలకుడు. దాడుల వల్ల తిరుమల చేరిన రంగనాథుడి విగ్రహాన్ని 1371లో తిరిగి శ్రీరంగం తెచ్చారు. మన గోపన్న ఆయనకి మూడొందల ఏళ్ల తర్వాతివారు. గోల్కొండ తానీషా (1672–1687) కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. ఇద్దరూ రాజోద్యోగులే, ఇద్దరి పేరూ గుడితోనే నిలిచింది. కాకపోతే ఆ గోపన్న గెలిచి విగ్రహం నిలిపారు. ఈ గోపన్న శిస్తు సొమ్ముతో గుడి కట్టించారన్న నేరం మీద గోల్కొండ జైలుకెళ్లారు.

ఇక రామదాసులు. సిక్కుల నాలుగో గురువు రామదాస్ (1534–1581) అమృత్‌సర్ స్థాపకులు. సమర్థ రామదాసు 1608లో పుట్టిన మహారాష్ట్ర సన్యాసి. అసలు పేరు నారాయణ, ‘దాసబోధ’ రాశారు. కేరళలో ఆనందాశ్రమం పెట్టిన స్వామి రామదాస్ (1884–1963) పూర్వాశ్రమంలో విఠల్‌రావు. వీళ్లలో సమర్థ రామదాసు మన గోపన్నలాగే 17వ శతాబ్దం మనిషి. అంటే కాలం ఒక్కటే చూస్తే సరిపోదు, ఊరూ భాషా కూడా చూడాలి.

ఈ చిక్కు మనకే కాదు. బైజాంటియం చరిత్రలో నికెఫోరస్ పేరున్నవాళ్లు ఎందరో. అందుకే చరిత్రకారులు నికెఫోరస్ ఫోకాస్, నికెఫోరస్ బ్రైనియస్ అని ఇంటిపేరు కలిపి చెబుతారు.

మన దగ్గర ఆ పని కవే చేసి పెట్టారు. దాశరథి శతకం చివర తండ్రి లింగమంత్రి అనీ, గోత్రం ఆత్రేయ అనీ, ఇంటిపేరు కంచర్ల అనీ తన వివరాలు చెప్పుకున్నారు. అవి లేకపోతే ‘గోపకవి’ ఎవరో ఊహించుకోవాల్సి వచ్చేది. కీర్తనల్లో ఇంత వివరం ఉండదు. రామదాసు అన్న ముద్రతో పాటు భద్రాద్రి ప్రస్తావన ఉందా అని వెతకాలి.

డేటాబేస్ క్లాసులో చదివాం కదా, పేరు ప్రైమరీ కీ కాదని. సాహిత్యంలోనూ అంతే. ఈసారి కాలేజీ ఫంక్షన్‌లో కీర్తన పాడితే, పోస్టర్ మీద ఉత్త ‘రామదాసు’ అని వదిలేయకుండా ‘కంచర్ల గోపన్న, నేలకొండపల్లి’ అని కూడా రాద్దాం.