వర్గ సమీకరణం దగ్గర నాకు తెలిసొచ్చినవి

1. గుర్తు తప్పితే లెక్కంతా తప్పుతుంది.
పదో తరగతికి లెక్కలు చెప్పినన్నాళ్లూ, సూత్రం రాక తప్పు చేసినవాళ్లను నేను చూసింది తక్కువ. "మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ" అని నిద్రలో లేపినా అప్పజెప్పేవాళ్లే. తేడా వచ్చేది విలువలు ప్రతిక్షేపించేటప్పుడు. 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 తీసుకో. ఇక్కడ బీ అంటే 7 కాదు, −7. బ్రాకెట్ పెట్టకుండా వర్గం చేసినవాడు −49 అని రాస్తాడు. అందులోంచి 24 తీసేస్తే −73. "వాస్తవ మూలాలు లేవు" అని రాసి కింద గీత కూడా కొడతాడు. బ్రాకెట్ పెట్టినవాడికి 49లో 24 పోను 25 మిగులుతుంది, మూలాలు 3, 1/2 అని తేలిపోతాయి.

2. విడగొట్టగలిగినదానికి సూత్రం అక్కర్లేదు.
ఎక్స్² − 5ఎక్స్ + 6 చూడగానే 2, 3 తట్టాలి. తట్టకపోతే తంటాలు పడొద్దు, విచక్షణి (బీ² − 4ఏసీ) కట్టు. గుణకాలు పూర్ణాంకాలై, విచక్షణి పూర్ణవర్గం కాకపోతే, మధ్య పదాన్ని విడదీసే పూర్ణాంకాలు ఎంత వెతికినా దొరకవు.

3. పుట్టుక తెలిసిన సూత్రం మరపుకు రాదు.
సిలబస్ తరుముతుంటే నేను ముందు బట్టీ పట్టించి, నిరూపణ "తర్వాత చూద్దాం" అనేవాణ్ణి. ఆ తర్వాత చాలా బ్యాచులకు రానేలేదు. ఆ లోటు నాదే. నిజానికి అది పది నిమిషాల పని. సీని కుడివైపుకు పంపాక, సమీకరణాన్ని 4ఏతో గుణించి, రెండువైపులా బీ² కలపమన్నాడు శ్రీధరాచార్యుడు. ఎడమవైపు (2ఏఎక్స్ + బీ)², కుడివైపు బీ² − 4ఏసీ వస్తాయి. భిన్నాల బెడద ఉండదు. ఆయన బీజగణిత గ్రంథం మనకు దక్కలేదు. భాస్కరాచార్యుడు ఉటంకించబట్టి ఈ పద్ధతి మిగిలింది.

4. మూలాలు రెండొస్తే జవాబులూ రెండని కాదు.
1150 నాటి బీజగణితంలో భాస్కరుడు కోతుల లెక్కలిచ్చాడు. గుంపులో ఎనిమిదో వంతుకు వర్గమన్ని కోతులు అడవిలో ఆడుతున్నాయి, మిగిలిన 12 కొండమీద ఉన్నాయి. గుంపు 16 అయినా సరే, 48 అయినా సరే. ఇంకో లెక్కలో ఐదో వంతులోంచి 3 తీసి, వర్గం చేసినన్ని గుహలోకి పోయాయి, ఒకటి బయట కనబడుతోంది. మూలాలు 50, 5. కానీ 5లో ఐదో వంతు ఒకటే, అందులోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? భాస్కరుడు 5ను వద్దన్నాడు. నేను మాత్రం రెండూ రాసిన పేపరుకు, ఏది చెల్లుతుందని అడక్కుండానే, పూర్తి మార్కులు వేసేవాణ్ణి.