ఆర్థిక శాస్త్రము - మన గ్రామము

పదవ తరగతి ఫలితములు వెలువడిన వెంటనే ప్రతి గ్రామమునందును ఒకే ప్రశ్న వినవచ్చును: పిల్లలను ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపున చేర్పింపవలెను? లెక్కలు, సైన్సు రానివారికే ఆర్థిక శాస్త్రమను అభిప్రాయము మనలో పాతుకొనియున్నది. ఇది సరికాదని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

సి.ఇ.సి., హెచ్.ఇ.సి., ఎం.ఇ.సి. గ్రూపుల విద్యార్థులు ఈ శాస్త్రమును చదువుదురు. డిమాండు, సప్లయి, ధర నిర్ణయము, ద్రవ్యము, బ్యాంకులు, జాతీయాదాయము, భారత ఆర్థిక వ్యవస్థ ఇందలి ముఖ్య విషయములు. పేర్లు క్రొత్తగా తోచినను విషయములు మన పొలములోనివే.

టమాట పంటనే చూతము. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున కిలో ధర 100 రూపాయలు దాటినది. క్రొత్త పంట రాగా సెప్టెంబరు నాటికి పడిపోయినది. ధర సగమైనంత మాత్రమున ఏ కుటుంబమును రెట్టింపు టమాటలు తినదు. కావుననే పంట విరివిగా పండిన ఏడు రైతు చేతికి వచ్చు సొమ్ము తగ్గుటయు కలదు. దీనినే అవ్యాకోచ డిమాండు అందురు. ఈ పాఠము నేర్చిన రైతుబిడ్డ నేటి ధరను మాత్రమే చూచి నారు పోయడు. ఇరుగుపొరుగు మండలములలో ఎందరు అదే పంట వేయుచున్నారో ముందుగా విచారించును.

పంచాయతీకిని ఈ శాస్త్రముతో పని కలదు. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, ఆర్థికాభివృద్ధి ప్రణాళికల రచనను పంచాయతీలకు అప్పగించుటకు మార్గము చూపినది. 2021-26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులో 60 శాతమును త్రాగునీరు, పారిశుద్ధ్యములకు ప్రత్యేకించినది. ఆ లెక్కన 10 లక్షలు వచ్చినచో స్థానికావసరములకు మిగులునది 4 లక్షలే. దానితో సిమెంటు రోడ్డు వేసినచో వీధిదీపములు ఆగును. వదలుకొన్న ఆ మేలునే అవకాశ వ్యయము అందురు. ఏది వదలుకొనుచున్నామో ఎరిగి నిర్ణయించుటయే మంచి బడ్జెటు.

చదువు ముగిసిన పిదప దారులు లేకపోలేదు. చార్టర్డ్ అకౌంటెన్సీ ప్రవేశ పరీక్షలోను, గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగ పరీక్షలలోను ఆర్థిక విషయములు కలవు.

కావున సభ్యులు రెండు పనులు చేయవలెను. ఈ గ్రూపు కోరు బాలబాలికలను నిరుత్సాహపరుపకుండునట్లు తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను. గ్రామసభకు ఈ విద్యార్థులను పిలిచి, పంచాయతీ జమాఖర్చులను వారిచే చదివింపవలెను. పిల్లలకు పాఠము బోధపడును. ప్రజలకు తమ సొమ్ము లెక్క తెలియును. లెక్క తెలిసిన గ్రామమును మోసగించుట కష్టము.