తరంగంబాడి: కోట, కోవెల, కడలి

తమిళనాడులో కారైకాల్‌కు ఉత్తరాన, సముద్రపుటొడ్డున తరంగంబాడి ఉన్నది. అలలు పాడే ఊరని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఇక్కడి డాన్స్‌బోర్గ్ కోటకు అనుమతినిచ్చినది ఒక తెలుగు కవిరాజని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు, 'వాల్మీకి చరిత్ర' కర్త, 1620లో మిరియాల వర్తకానికి వచ్చిన డెన్మార్క్ వారికి ఈ తీరాన్ని అప్పగించినాడు.

కోట పై అంతస్తులో గవర్నరు, మతాచార్యుడు నివసించేవారు. క్రింది కమాను గదులలో సరకులు, మందుగుండు, ఖైదీలు! 1706లో ఇక్కడ దిగిన సీగెన్‌బాల్గ్ తమిళం నేర్చి, ఆ భాషలో గ్రంథాలు అచ్చు వేయించినాడు. 1845లో డేనులు ఈ ఊరిని, సేరంపూరును కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయుల కంపెనీకి అమ్మివేసినారు.

కోట గోడపై నిలిచి తీరం వెంబడి చూడండి. 1306లో, మారవర్మ కులశేఖర పాండ్యుని కాలంలో, వెలసిన మాసిలామణినాథ ఆలయం కనిపిస్తుంది. యాత్రికులు దానిని సుందరదృశ్యమంటారు, నిజానికది గాయము. ముందుభాగాన్ని కడలి క్రమంగా కోసివేసింది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని ముంచెత్తినప్పుడు, కోట నిలిచింది. జాలరుల గుడిసెలు నిలువలేదు.