ఒడ్డు కనబడే ముందు

కల్లంలో గింజ ఉన్నంత మాత్రాన పంట చేతికొచ్చినట్టు కాదని మా నాన్నగారు అంటుంటారు. కోత మిషన్లు రాక ముందు తూర్పారబట్టడానికి గాలి కోసం ఎదురుచూసేవారు. అటు వాన పడక ముందే బస్తాలు ఇల్లు చేరాలి. సముద్రం దాటి వచ్చే తెరచాప పడవకు కూడా చివరి రోజుల్లో ఈ రెండు బెంగలే ఉంటాయి: గాలి రాదేమోనని ఒకటి, వాన ముందే వస్తుందేమోనని మరొకటి. ఈ సంగతిని ఒక నిజమైన ప్రయాణం ఆధారంగా మిత్రులకు వివరించాలని నా ప్రయత్నం.

మన నౌకాదళానికి చెందిన 'తారిణి' 56 అడుగుల తెరచాప పడవ. ఆరుగురు మహిళా అధికారులతో 2017 సెప్టెంబరు 10న గోవా నుండి భూప్రదక్షిణకు బయలుదేరింది. నాయకురాలు వర్తికా జోషి. సిబ్బందిలో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య కూడా ఉండటం మనకు గర్వకారణం. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ వచ్చారు. భయంకరమైన కేప్ హార్న్‌ను కూడా దాటారు. కేప్‌టౌన్ తర్వాత ఇక ఇల్లే అనుకునే వేళ చుక్కానిని తిప్పే యంత్రాంగం చెడిపోయింది! 2018 ఏప్రిల్‌లో, ముందు అనుకోని మజిలీగా, మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగుచేయించుకోవలసి వచ్చింది.

దూరప్రయాణంలో పడవకు ముప్పు ఒక్క పెద్ద అలతోనే రాదు. ప్రతి అలకూ చుక్కాని మీద బలం పడుతుంది, తగ్గుతుంది. ఇలా లక్షలసార్లు జరిగితే లోహం 'అలసిపోతుంది'. తాళ్లు ఒరుసుకొని అరుగుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తెరచాప గుడ్డ బలం కోల్పోతుంది. అంటే ఒడ్డు దగ్గరపడే కొద్దీ పడవా, మనుషులూ బాగా నలిగి ఉంటారు. అందుకే చివరి రోజుల్లోనే తనిఖీ ఎక్కువ చేయాలి.

ఇటువంటి పడవల్లో దినచర్య గడియారం ప్రకారం నడుస్తుంది. కొందరు కాపలా ఉంటే కొందరు నిద్రపోతారు. కాపలా వాళ్లు చుక్కాని, గాలి, దూరాన కనిపించే ఓడల దీపాలు చూస్తుండాలి. గంట గంటకూ పడవ ఉన్న చోటు, వేగం, గాలి పీడనం పుస్తకంలో రాస్తారు. కూరగాయలు ముందే అయిపోతాయి. ఆఖరుకి మిగిలేవి బియ్యం, పప్పులు, డబ్బాల ఆహారం. పడవ ఊగినా గిన్నె ఒలకకుండా పొయ్యి ఉయ్యాలలా వేలాడుతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అది తాగడానికి పనికిరాదు, సబ్బూ సరిగా నురగ రాదు. మంచినీళ్లు చెంబు లెక్కన వాడుకోవాలి. వానొస్తే తెరచాప కిందనే బిందె పెట్టినట్టు నీళ్లు పట్టుకుంటారు.

పోర్ట్ లూయీ నుండి గోవా సూటిగా చూస్తే సుమారు 2,300 నాటికల్ మైళ్లు. మొదట ఆగ్నేయ వ్యాపార పవనాలు పడవను బాగానే తోస్తాయి. భూమధ్యరేఖ దగ్గరకు వచ్చేసరికి ప్రశాంత మండలం ఎదురవుతుంది. అక్కడ వేడికి గాలి పైకి లేస్తుందేగాని పక్కకు వీచదు. తెరచాప వాలిపోతుంది. ఉన్నట్టుండి నల్లమబ్బు కమ్మి ఈదురుగాలి కొడుతుంది, మళ్లీ అంతా నిశ్శబ్దం. ఇక్కడ కావలసింది కండబలం కాదు, ఓర్పు. రేఖ దాటాక ఒక ఊరట ఉంది. దక్షిణాన కనిపించని ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున మెల్లగా పైకి వస్తుంది. అది క్షితిజం మీద ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే దాదాపు అన్ని డిగ్రీల అక్షాంశంలో మనం ఉన్నట్టు. పదిహేను డిగ్రీలు దాటితే గోవా వచ్చినట్టే!

అయితే ఆలస్యం చేయడానికి వీల్లేదు. నైరుతి రుతుపవనం మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతుంది. అంతకు ముందు వారాల్లో అరేబియా సముద్రంలో తుఫానులు పుట్టవచ్చు. తారిణి 2018 మే 21న గోవా చేరింది. నాలుగు రోజులకే, అంటే మే 25న, అదే సముద్రంలో పుట్టిన మెకును తుఫాను ఒమన్‌లోని సలాలా దగ్గర తీరం దాటింది. మే 29న కేరళలో రుతుపవనం ప్రవేశించింది. మా ఊళ్లో దుక్కి దున్ని ఏ మేఘం కోసం ఆశగా చూస్తామో, ఆ మేఘమే నడిసముద్రంలో ఉన్నవారికి గుబులు!

254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. ఈ అంకెలను మనం మెచ్చుకుంటాం, మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం అంతకంటే మారిషస్ మజిలీయే పెద్ద పాఠంగా తోచింది. ఇల్లు అంత దగ్గరలో ఉండగా ఆగి, చెడిన దాన్ని బాగుచేసుకొని, మళ్లీ గడియారం ప్రకారం కాపలా కాయడం తేలిక కాదు. పరీక్షలకు నెల రోజులుందనగా 'అంతా వచ్చేసిందిలే' అనుకొని పుస్తకం మూసే మనకు, బస్తా ఇల్లు చేరేదాకా కల్లం దగ్గరే పడుకునే రైతూ, రేవు చేరేదాకా చుక్కాని వదలని ఆ ఆరుగురూ ఒకే మాట చెబుతున్నారు.