దేవాలయంలో నవ్వు ఆగకపోతే?

పవిత్ర శుక్రవారం. సిలువ మార్గంలో అందరూ మోకాళ్లమీద ఉన్నారు. ఉన్నట్టుండి మైకు కుయ్యిమంటుంది. లేదా వానాకాలంలో ఒక ఆదివారం, దివ్యపూజ జరుగుతుండగా, పిల్లలు కూర్చున్న చాపలమీదికి ఒక కప్ప గెంతుతుంది. ఒక పిల్లవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పక్కవాడు వాణ్ణి చూస్తాడు. అంతే, వరుసంతా భుజాలు ఊగుతుంటాయి. వెనకనుంచి ఒక పెద్దాయన వచ్చి ఇద్దరి చెవులు మెలిపెట్టి వెళతాడు.

ఇది మన గోదావరి జిల్లాల్లో ఏ విచారణకూ కొత్త కాదు. పెద్దలకూ ఈ తిప్పలు తప్పవు. పెండ్లి ప్రమాణాల వేళ, చివరికి సమాధి తోటలో కూడా, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్న తల్లులు, దగ్గు వచ్చినట్టు నటించిన తండ్రులు ఎందరో ఉన్నారు. ఇంటికి వెళ్లాక వారిలో కొందరికి దిగులు. "నేను చేసింది పాపమా? పాపసంకీర్తనంలో చెప్పుకోవాలా?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు.

మన నేల, మన నవ్వు

గోదావరి నేల నవ్వుకు పేరుపడింది. హాస్యబ్రహ్మ అనిపించుకున్న భమిడిపాటి కామేశ్వరరావుగారిది రాజమండ్రి. ముళ్లపూడి వెంకటరమణగారు 1931లో ధవళేశ్వరంలో, జంధ్యాలగారు 1951లో నరసాపురంలో జన్మించారు. వెటకారం మన మాటలోనే ఉంది. అయితే నవ్వు నాలుగు విధాల చేటన్న సామెత కూడా మనదే. నవ్వును ప్రేమించే మనమే నవ్వుకు భయపడతాం కూడా.

ఎందుకు ఆగదు?

నవ్వు ఒంటరిది కాదు. మనిషి ఒక్కడే ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ గమనించాడు. అందుకే ఇంట్లో నవ్వు తెప్పించని కప్ప, గుడి నిండా జనం మౌనంగా ఉన్నప్పుడు నవ్వు తెప్పిస్తుంది. పైగా "వద్దు" అనుకున్నకొద్దీ మనసు అటే పోతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని కొందరికి చెప్పి చూశాడు. వారికి పదే పదే అదే గుర్తుకొచ్చింది.

మనసుమీద భారం పడినప్పుడు కూడా నవ్వు పొంగుతుంది. 1962 జనవరిలో ఆఫ్రికాలోని టాంగన్యీకా దేశంలో, కషాషా గ్రామంలో మిషను వారి బాలికల వసతి పాఠశాలలో ముగ్గురు అమ్మాయిలకు మొదలైన నవ్వు మిగతావారికి పాకింది. 159 మందిలో 95 మంది దాని పాలబడ్డారు. మార్చి 18న బడి మూసివేయాల్సి వచ్చింది. అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు, మనసులోని ఒత్తిడి అలా బయటపడిందని పరిశీలించినవారి అభిప్రాయం. తాతగారి శవపేటిక దగ్గర కిసుక్కుమన్న పిల్లవాడికి ప్రేమ లేదనుకోకండి. వాడు భయపడి ఉండవచ్చు.

దేవుని వాక్యంలో రెండు నవ్వులు

పరిశుద్ధ గ్రంథంలో ఈ సంగతి మొదటి పుటల్లోనే ఉంది. నూరేండ్ల వయసులో బిడ్డ పుడతాడని దేవుడు చెప్పగా అబ్రహాము సాగిలపడి నవ్వాడు (ఆది 17:17). ఆ మాటే విని గుడారంలో సారా తనలో తాను నవ్వుకుంది (ఆది 18:12). దేవుని సన్నిధికంటే గంభీరమైన వేళ ఏముంటుంది? అయినా దేవుడు వారిని శిక్షించలేదు. భయపడి తాను నవ్వలేదని సారా బొంకినప్పుడు మాత్రం, నవ్వావు సుమా అని ఆమెను సరిదిద్దాడు. పుట్టిన బిడ్డకు ఈసాకు అని పేరు. ఆ పేరుకు అర్థమే నవ్వు. దేవుడు తనకు నవ్వును ప్రసాదించాడని సారా చెప్పుకుంది (ఆది 21:6).

రెండవ నవ్వు యాయీరు ఇంట వినిపిస్తుంది. పాప చనిపోలేదు, నిద్రిస్తున్నదని యేసుప్రభువు చెప్పగా, అక్కడ ఏడుస్తున్నవారే ఆయనను చూసి నవ్వారు. ప్రభువు వారిని బయటికి పంపివేశాడు (మార్కు 5:40). అది ఎగతాళి నవ్వు.

మొదటిది మనకు తెలియకుండానే పొంగుతుంది. రెండవది ఒక మనిషిని గురిచూసి కొడుతుంది. మన ఆత్మశోధనకు ఈ తేడాయే కొలబద్ద.

మరి పాపమా?

చావైన పాపానికి గంభీరమైన విషయం, పూర్తి తెలివి, మనఃపూర్వక సమ్మతి మూడూ ఉండాలని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది. పొంగుకొచ్చిన నవ్వులో మన సమ్మతి లేదు. ఆపుకోవడానికి పడే పాటే భక్తికి గుర్తు. కాని కావాలని దాన్ని పెంచితే, పక్కవాణ్ణి గిల్లితే, పఠనంలో నోరు తిరగని మనిషిని అనుకరిస్తే, అక్కడ మన సమ్మతి ఉంది.

త్వరపడి నవ్వకపోవడం వినయంలో ఒక మెట్టని పునీత బెనెడిక్టు తన సన్యాసులకు నియమం రాశారు. రోమాపురిలో పునీత ఫిలిప్ నేరి (1515–1595) సరదా చేష్టలతో యువకులను దేవునివైపు తిప్పారు. శ్రీసభ ఇద్దరినీ పునీతులుగానే గౌరవిస్తుంది. 2025లో పరమపదించిన ఫ్రాన్సిస్ పోపుగారు 2024 జూన్ 14న వందమందికి పైగా హాస్యనటులను వాటికనుకు పిలిచి, దేవునితో ప్రేమగా ఆడే నవ్వు దైవదూషణ కాదని చెప్పారు.

ఆచరణలో

1. నవ్వు వస్తే పక్కవారి ముఖం చూడవద్దు. సిలువవైపు చూడండి. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలండి. అయినా ఆగకపోతే నిశ్శబ్దంగా బయటికి వెళ్లి, సర్దుకుని తిరిగి రండి.

2. పిల్లలను దేవాలయంలో కొట్టవద్దు. భుజంమీద చెయ్యి వేస్తే చాలు. ఇంటికి వచ్చాక మాట్లాడండి. గుడి అంటే దెబ్బలు తినే చోటన్న తలపు వాడి మనసులో నాటుకుంటే, పెద్దయ్యాక ఆ గడప తొక్కించడం ఎవరి తరమూ కాదు.

3. కష్టపడి చదువు నేర్చుకుని మొదటిసారి పఠనం చదివే అమ్మాయి తడబడినప్పుడు, మన నవ్వు ఆమెను మళ్లీ పీఠం మెట్లెక్కనివ్వదు. పూజ తర్వాత ఆమెను పలకరించి "బాగా చదివావమ్మా" అనండి.

4. చావు ఇంట నవ్వు బయటపడితే సారాలా బొంకవద్దు. తర్వాత వెళ్లి, "వదినా, నాకు తెలియకుండా వచ్చింది, మనసులో పెట్టుకోవద్దు" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పక ఏండ్ల తరబడి మాటలు లేని కుటుంబాలు ఉంటాయి.

ఇప్పుడు ఏడ్చేవారు నవ్వుతారని ప్రభువు మాట ఇచ్చాడు (లూకా 6:21). నవ్వు ఆయన వాగ్దానంలో ఒక భాగం. దానితో ఎవరి కన్నీళ్లనూ అవమానించకుండా ఉండడమే మన వంతు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

1. మన నవ్వు వల్ల ఈ మధ్య ఎవరైనా చిన్నబోయారా?
2. గుడిలో పిల్లలు నవ్వినప్పుడు మనం కోపగించుకునేది దేవుని గౌరవం కోసమా, నలుగురిలో మన పరువు కోసమా?