పేరు పెట్టేదాకా ఆగకండి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలమే అయినా, అందులో బంగాళాఖాతం ఊరకుండే వారాలే ఎక్కువ. ఎండ కాస్తుంటుంది, చేను గింజ పట్టుకుంటుంది, టీవీలో వాతావరణం ఊసుండదు. మన కృష్ణా డెల్టాలో తుపాను నష్టాన్ని తగ్గించుకునే పనిలో పెద్ద భాగం ఈ వారాల్లోనే జరగాలి. మిచౌంగ్ తుపాను తేదీలు ఒకసారి గుర్తు చేసుకుంటే ఎందుకో తెలుస్తుంది.

2023 నవంబర్ చివరి వారంలో అండమాన్ దక్షిణాన అల్పపీడనం పుట్టింది. డిసెంబర్ 1న వాయుగుండమైంది. 3న తుపానై పేరు పెట్టించుకుంది. 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. పేరు విన్నాక కదిలిన రైతుకు మిగిలింది రెండు రోజులు. కోసిన పన ఆరడానికే మూడు నాలుగు రోజుల ఎండ కావాలి. యంత్రంతో కోయిస్తే ధాన్యం పచ్చిగా వస్తుంది, దాన్ని రోడ్డు మీదో కళ్లంలోనో ఆరబోయాలి, 17 శాతం తేమకు దిగితేగానీ కొనుగోలు కేంద్రంలో నిలవదు. పైగా ఆ రెండు రోజుల్లో ఊరందరికీ అదే యంత్రం కావాలి, అవే పట్టాలు కావాలి, అదే లారీ కావాలి. అల్పపీడనం నాడే మేలుకున్నవాళ్లకు దాదాపు వారం చేతిలో ఉంది.

అందుకే ముందు మీ పని లెక్క కట్టుకోండి. పని మొదలుపెట్టి భద్రంగా ముగించడానికి మీకు ఎన్ని రోజులు కావాలి? కోతకొచ్చిన వరికి వారమనుకుందాం. మరబోటు తిరిగి గిలకలదిండి రేవు చేరడానికి రెండు రోజులు. రొయ్యల చెరువు సిద్ధం చేయడానికి మూడు రోజులు. విజయవాడలో గిడ్డంగి సరుకు పై అంతస్తుకు ఎక్కించడానికి ఒక రోజు. ఈ అంకె తెలిస్తే ఏ కబురు కోసం చూడాలో తెలుస్తుంది. వాతావరణ శాఖ నాలుగు దశల్లో హెచ్చరిస్తుంది. మొదటిది సుమారు 72 గంటల ముందు, రెండోది 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు, చివరిది 12 గంటల ముందు వస్తాయి. వారం కావలసిన రైతుకు వీటిలో మొదటిది కూడా ఆలస్యమే. ఆయన చూడాల్సింది అంతకు ముందు వచ్చే బులెటిన్‌ను.

అది ఢిల్లీలోని వాతావరణ శాఖ తుపాను కేంద్రం నుంచి రోజూ వస్తుంది, సముద్రం ఎంత నిమ్మళంగా ఉన్నా వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడే అవకాశం రానున్న ఏడు రోజుల్లో ఏ రోజుకు ఎంత అన్నది అందులో పట్టికగా ఉంటుంది: లేదు, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. ప్రతి గురువారం రెండు వారాల ముందుచూపు ఒకటి విడిగా ఇస్తారు. ఇవి ఇంగ్లిషులో ఉంటాయి గానీ మీకు కావలసింది ఆ పట్టిక ఒక్కటే. ఇంట్లో చదువుకునే పిల్లల చేతనో, రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడి చేతనో గురువారం ఒకసారి చదివించుకోండి. ఏడు రోజులూ ‘లేదు’ అని ఉంటే కోత ధైర్యంగా పెట్టుకోవచ్చు. ‘తక్కువ’ అని కనబడ్డ రోజు నుంచి వారానికోసారి కాక రోజూ చూడండి, యంత్రం వాళ్లతో మాట్లాడండి. ‘మధ్యస్థం’ అయితే పండిన చేను ముందు కోయించండి, పండని చేను జోలికి పోకండి. అల్పపీడనం ఏర్పడ్డాక కొత్తగా కోసి పనల మీద వదలకండి. పనల మీద తడిసిన చేను కంటే నిలబడి తడిసిన చేనే నయం.

నిశ్శబ్దం ఎన్నాళ్లుంటుందో చెప్పే ఆధారాలు కొన్ని ఉన్నాయి. భూమధ్యరేఖ వెంట ఒక మేఘాల పట్టీ పడమటి నుంచి తూర్పుకు కదులుతూ 30 నుంచి 60 రోజుల్లో భూమిని చుట్టి వస్తుంది. అది మన సముద్రం మీదికి వచ్చినప్పుడు అల్పపీడనాలకు బలం చేకూరుతుంది, దాటిపోయాక కొన్నాళ్లు తెరిపి. గురువారం బులెటిన్‌లో దాని స్థానం ఉంటుంది. తూర్పు వైపు కూడా ఓ కన్నేసి ఉంచాలి. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన పైలిన్ తుపానుకు మూలం థాయ్‌లాండ్ సింధుశాఖలోనే ఉంది. అదే ఏడాది నవంబర్ 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటితే, ఆరు రోజులకే, 28న, లెహర్ కూడా అక్కడికే వచ్చింది. అదృష్టం కొద్దీ అది సముద్రంలోనే బలం కోల్పోయి వాయుగుండంగా చేరింది. ఒక తుపాను పోయింది కదా అని తాళ్లు విప్పేయకూడదని ఆ వారం చెప్పింది.

వేటకు వెళ్లేవాళ్లకు ఈ కాలం మరీ జాగ్రత్త. మే నెల తుపాన్ల వేళ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. నవంబర్‌లో అలా కాదు. ఐసు, డీజిలు నింపే ముందే వేటకు పట్టే రోజులన్నిటికీ ఆ పట్టిక చూడండి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి. రేవులో ఒకటో నంబరు హెచ్చరిక అంటే దూరాన వాయుగుండం ఉందని. బయల్దేరకుండా ఆగడానికి ఆ నంబరు చాలు.

చెరువుల వాళ్లకు గాలి కంటే ముసురు ప్రమాదం. రెండు మూడు రోజులు మబ్బు పట్టి కరెంటు పోతే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. జనరేటరు ఒకసారి నడిపి చూడటం, డీజిలు నిల్వ, గట్లకు మట్టి, ఇవన్నీ ఎండ రోజుల పనులు. ముసురు మొదలయ్యాక మేత తగ్గించాలి.

విజయవాడ వాసులకు వేరే మాట చెప్పాలి. తుపాను అంటే గాలి అనుకుంటే మోసపోతాం. 2024 ఆగస్టు ఆఖరున వచ్చింది తుపాను కాదు, వాయుగుండం. అది తీరం దాటింది ఎక్కడో శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. తుపాన్ల నెల కూడా కాదు. అయినా బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. కాబట్టి ఊళ్లో ఉన్నవాళ్లు చూడాల్సింది మూడు: తీరం దాటే చోటు కంటే వాన పడే చోటు, ఎగువన ఖమ్మం వైపు ఎంత కురిసింది, బ్యారేజీ దగ్గర ప్రవాహం. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. బుడమేరు పరీవాహకంలో దుకాణం ఉన్నవాళ్లు మొదటి హెచ్చరిక కోసం కూడా చూడకూడదు, ఎందుకంటే అది కృష్ణ లెక్క, బుడమేరుది కాదు. నిర్మాణం పనుల్లో ఉన్నవాళ్లు పరంజాలు, రేకులు, హోర్డింగుల కట్లు ఈ తెరిపిలోనే బిగించుకోవాలి.

వాట్సాప్‌లో పది రోజుల ముందే మచిలీపట్నం మీద ఎర్రటి సుడి గీసిన పటాలు తిరుగుతాయి. కంప్యూటరు అంచనా ఒక్కదాన్ని పట్టుకుని తీరం దాటే ఊరు అంత ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. పటం మీద తేదీ, గంట ఉన్నాయో లేదో చూడండి, పాత పటాలు కూడా ఏటా తిరుగుతాయి. అనుమానం వస్తే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబరు 1070కి ఫోన్ చేసి అడగండి.

చివరిగా కౌలు రైతులకు. పంట పోతే ప్రభుత్వ సాయం ఈ-క్రాప్ నమోదును బట్టి వస్తుంది. సాగు చేసేవారి పేరు అందులో లేకపోతే మునిగిన చేను మీదే అయినా సాయం మీకు చేరదు. తుపాను వెలిశాక ఆ పేరు ఎక్కించుకోవడం చాలా కష్టం. సముద్రం నిమ్మళంగా ఉన్న ఈ రోజుల్లోనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ పేరు, పంట, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.