లైఫ్ సపోర్ట్ అంటే ఏమిటి?

"నాన్నను లైఫ్ సపోర్ట్ మీద పెట్టారు" అని ఆసుపత్రి నుండి కబురు రాగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నాలుగు రోజులు గడిచాక డాక్టరుగారు పిలిచి "ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడుగుతారు. ఉంచమంటే పొలం అమ్మాలేమో! తీసేయమంటే కన్నతండ్రిని మన చేతులతో చంపినట్లవుతుందేమో! ఈ మథనం పడిన కుటుంబాలు మన విచారణలన్నింటిలోనూ ఉన్నాయి. కనుక ఈ మాటకు అర్థమేమిటో, శ్రీసభ ఏమి బోధిస్తున్నదో తెలుసుకొందాం.

లైఫ్ సపోర్ట్ అనేది ఒక యంత్రం పేరు కాదు. శరీరంలో ఏదైనా అవయవం తన పని తాను చేయలేనప్పుడు, ఆ పనిని బయటి నుండి జరిపించే ఏర్పాట్లన్నింటికీ కలిపి వాడే మాట. ఊపిరితిత్తులకు సాయంగా గాలిని పంపేది వెంటిలేటరు. మూత్రపిండాలకు బదులు రక్తాన్ని శుభ్రపరచేది డయాలసిస్. పడిపోయిన రక్తపోటును నిలబెట్టే మందులున్నాయి. మింగలేనివారికి ముక్కుగుండా గొట్టం వేసి ఆహారం పోస్తారు. ఆపరేషను తరువాత రెండు రోజులు వెంటిలేటరు మీద ఉండి, ఆపైన ఇంటికి నడిచి వచ్చినవారు ఎందరో! డయాలసిస్ చేయించుకొంటూనే ఉద్యోగాలు చేసేవారున్నారు. ఆ మాట చెవిని పడగానే ఆశ వదులుకోనక్కరలేదు. "ఏ యంత్రం పెట్టారు? దేనికోసం? కోలుకొనే అవకాశం ఉన్నదా?" అని అడగాలి.

అమెరికాలోని న్యూజెర్సీలో కేరెన్ ఆన్ క్విన్లాన్ అనే యువతి 1975 ఏప్రిల్‌లో స్పృహ కోల్పోయింది. వయస్సు 21 సంవత్సరాలు. తల్లిదండ్రులు కతోలికులు. నెలలు గడిచినా బిడ్డకు తెలివి రాలేదు. వారు తమ విచారణ గురువును సంప్రదించి, వెంటిలేటరు తీసివేయమని కోరారు. వైద్యులు ఒప్పుకోలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. అసాధారణమైన చికిత్సను కొనసాగించి తీరాలన్న విధి ఎవరికీ లేదని 12వ పయస్ పోపుగారు 1957 నవంబరు 24న వైద్యులకు చేసిన ప్రసంగాన్ని ఆ కోర్టు కూడ ప్రస్తావించింది. 1976 మార్చి 31న అనుమతి లభించింది. మే నెలలో యంత్రం తొలగించారు. అందరూ అనుకొన్నట్లు కేరెన్ చనిపోలేదు. స్వంతంగా ఊపిరి తీసుకొన్నది! గొట్టం ద్వారా ఆహారం అందుకొంటూ తొమ్మిదేళ్ళు జీవించి, 1985 జూన్ 11న మరణించింది. ఆ గొట్టం తీయమని తల్లిదండ్రులు ఏనాడూ కోరలేదు. వెంటిలేటరూ లైఫ్ సపోర్టే, ఆ గొట్టమూ లైఫ్ సపోర్టే. ఒకటి బిడ్డకు భారమని తీయించారు, రెండవది బిడ్డకు అన్నమని ఉంచారు.

శ్రీసభ బోధ కూడ ఈ దారిలోనిదే. భారమైన, ప్రమాదకరమైన, ఆశించిన ఫలితానికి మించిన చికిత్సను ఆపవచ్చునని కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2278) చెబుతున్నది. ఇక్కడ మరణాన్ని కోరుకోవడం లేదు, దానిని ఆపలేకపోతున్నామని అంగీకరించడం మాత్రమే. చంపాలన్న ఉద్దేశంతో చేసేది కారుణ్యహత్య. అది దైవాజ్ఞకు విరుద్ధం. రోగికి తెలివి ఉంటే నిర్ణయం రోగిదే. ఖర్చు సంగతి ఎత్తడం పాపమేమోనని కొందరి భయం. కుటుంబం మీద మోయలేని ఖర్చు వేయకూడదని రోగి కోరుకోవడం ఆత్మహత్య కాదని 1980 మే 5 నాటి వాటికన్ ప్రకటన స్పష్టం చేసింది. బ్రతికే అవకాశమున్న తల్లిని ఆస్తి పంపకాలు తెమలాలని ఇంటికి తెచ్చేయడం వేరే సంగతి. దానికి ఏ ప్రకటనా అండగా నిలవదు.

అన్నపానాల విషయం ప్రత్యేకం. గొట్టం ద్వారా ఇచ్చినా అవి సాధారణ పోషణేనని, సూత్రప్రాయంగా ఇచ్చి తీరాలని రెండవ జాన్ పాల్ పోపుగారు 2004 మార్చి 20న బోధించారు. శరీరం వాటిని ఇముడ్చుకోలేని స్థితి వస్తే అప్పుడు ఆ నియమం వర్తించదు.

మరొక సందర్భంలో ఈ మాటే తప్పుదారి పట్టిస్తుంది. మెదడు కాండం పూర్తిగా చనిపోయిందని మన దేశ చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తే, ఆ వ్యక్తి మరణించినట్లే. ఛాతీ కదులుతున్నా అది యంత్రం చేసే పని. అప్పుడు వెంటిలేటరు ఆపడం ప్రాణం తీయడం కాదు. కోమా అలా కాదు. కోమాలో ఉన్న మనిషి సజీవుడే.

స్పృహ పోయాక ఎటువంటి చికిత్స వద్దో ముందుగా వ్రాసిపెట్టుకొనే వీలును మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కల్పించి, 2023 జనవరిలో సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేక గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయాలి. వ్రాసేముందు విచారణ గురువుతో మాట్లాడండి.

చివరగా, ఫాదరుగారు తైలం తెస్తే ప్రాణం పోతుందన్న అపోహ మన ఇళ్ళలో ఇంకా ఉన్నది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం స్పృహ లేనివారికీ ఇవ్వవచ్చు. కాని గొంతులో గొట్టం వేశాక పాపసంకీర్తనం నోటితో చెప్పలేరు, దివ్యసత్ప్రసాదం నోట పెట్టలేరు. వెంటిలేటరు పెట్టాలేమోనని డాక్టరుగారు అన్న రోజునే, ఇంకా నోట మాట ఉండగానే, ఫాదరుగారికి కబురు చేయండి.